దురద రాకముందే మచ్చిక

కుక్కకు అలర్జీ వస్తే మనలాగే తుమ్ముతుందని, కళ్లూ ముక్కూ కారతాయని అనుకుంటాం. చాలా కుక్కల్లో అలా జరగదు. వాటి అలర్జీ చర్మం మీద బయటపడుతుంది. ముందరి పాదాల వేళ్ల సందులు, చెవి డొప్పల లోపలి వైపు, చంకలు, గజ్జలు, పొట్ట, మూతి చుట్టూ ఉండే చర్మం ముందుగా ఎర్రబడతాయి. తెల్లబొచ్చు కుక్కయితే పాదాల వెంట్రుకలు ఇటుకరంగుకు తిరుగుతాయి. అది మట్టి కాదు. గంటల తరబడి నాకడం వల్ల లాలాజలంలోని పార్ఫిరిన్ అనే రంగుపదార్థం పట్టిన మరక. చెవిలో గోధుమరంగు గుబిలి పేరుకుని పుల్లటి వాసన వేస్తుంది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక కాలు నేలకు తగులుతూ గోక్కునే టకటక చప్పుడు వినిపిస్తుంది. పశువైద్యులు దీన్ని అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. సాధారణంగా ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య వయసులో మొదలవుతుంది. ఒకసారి మొదలైతే బతికినంతకాలం వస్తూ పోతూ ఉంటుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, పగ్, బాక్సర్ వంటి జాతులకు దీని బెడద ఎక్కువ. మన పట్టణాల్లో ముచ్చటపడి తెచ్చుకునేవి ఎక్కువగా ఇవే.

శిక్షణ ఈ జబ్బును తగ్గించదు. కూర్చోమంటే కూర్చునే కుక్కకైనా, మాట వినని కుక్కకైనా పుప్పొడి తగిలితే దురద ఒకేలా పుడుతుంది. అయినా శిక్షణ లేని ఇంట్లో అలర్జీ వైద్యం సగంలోనే ఆగిపోతుందని నా వాదన. మందులో గుణం లేక కాదు, మందు కుక్క ఒంటికి చేరక. చెవి మందు సీసా సగం నిండుగానే అల్మరాలో ఉండిపోతుంది. వారానికోసారి చేయించమన్న స్నానం నెలకోసారి అవుతుంది. మాత్ర సోఫా కింద దొరుకుతుంది. డాక్టరు మందు మారుస్తాడు, అదీ అక్కడికే వస్తుంది. ఈ గొలుసు తెగాల్సింది కుక్క తన పాదాన్ని, చెవిని, ఒంటిని మన చేతికి భయం లేకుండా ఇచ్చే చోట. ఆ ఇవ్వడాన్ని నేర్పవచ్చు. నేర్పడానికి ఒక అదను కూడా ఉంది.

అదను ఎందుకో తెలియాలంటే జబ్బు పనిచేసే తీరు కొంచెం చూడాలి. ఈ కుక్కల్లో చర్మపు పైపొర పుట్టుకతోనే కొంత బలహీనంగా ఉంటుంది. మనకు అలర్జీ కారకాలు ఎక్కువగా శ్వాసతో లోపలికి పోతే, వీటికి ఎక్కువగా చర్మం గుండానే పోతాయి. గడ్డిలో నడిచిన పాదాలు, నేలను రాసుకునే పొట్ట ముందుగా దెబ్బతినడానికి కారణం అదే. లోపలికి చేరిన పుప్పొడి, బూజు, దుమ్ము కణాలను శరీరం శత్రువులుగా పొరబడి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఆ తర్వాత మళ్లీ తగిలినప్పుడల్లా మాస్ట్ కణాలు తమలోని రసాయనాలను వదిలి వాపు, దురద పుట్టిస్తాయి. ఇందులో హిస్టమిన్ పాత్ర మనుషుల్లో ఉన్నంత పెద్దది కాదు. అందుకే మనం జలుబుకు వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలు కుక్క దురద మీద పెద్దగా పనిచేయవు. దురద కబురును నరాలకు చేరవేసే ముఖ్య అణువుల్లో ఇంటర్‌ల్యూకిన్-31 ఒకటని, దాన్ని ఎక్కిస్తే కుక్కలు గోక్కుంటాయని 2013లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇప్పుడు వాడుతున్న కొత్త మందులు ఆ దారినే అడ్డుకుంటాయి.

చల్లని దేశాల పుస్తకాలు వసంతకాలపు అలర్జీ గురించి రాస్తాయి. మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ వానలు తెచ్చే తేమే కాలాన్ని నిర్ణయిస్తుంది. పరుపుల్లో, చాపల్లో, కుక్క పడుకునే గుడ్డల్లో ఉండే దుమ్ము పురుగులు నీళ్లు తాగవు. గాలిలో తేమనే పీల్చి బతుకుతాయి. ఎండాకాలపు పొడి గాలిలో అవి తగ్గుతాయి, జూన్ జూలైల్లో మళ్లీ పెరుగుతాయి. చర్మం మీద మామూలుగా ఉండే మలసీజియా అనే ఈస్ట్ కూడా తడి తగిలితే విజృంభిస్తుంది. 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించిన వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, ఈనాడు హైదరాబాద్ ఖాళీ స్థలాల నుంచి రాయలసీమ రోడ్ల పక్కల దాకా వానలతోపాటే తలెత్తి తెల్లగా పూస్తుంది. మనుషుల్లో చర్మవ్యాధికీ శ్వాస అలర్జీకీ అది పేరుమోసిన కారణం. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలను ఆగస్టు నుంచి బాధపెట్టే రాగ్‌వీడ్ కూడా ఈ మొక్క కుటుంబంలోనిదే. ఒక కుక్కకు వీటిలో ఏది పడదో పరీక్ష చేస్తేనే తేలుతుంది. కోస్తాలో ఏడాది పొడవునా గాలి తేమగానే ఉంటుంది కాబట్టి అక్కడ కాలభేదం అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు. కానీ తెలంగాణలో, రాయలసీమలో మార్చి నుంచి మే దాకా చాలా కుక్కలకు కొంత ఊరట దొరికే వీలుంది. ఆ ఊరటనే పనికి వాడుకోవాలి.

ఇక వైద్యం అనే మాటలో ఏమేం ఉన్నాయో చూద్దాం. మాత్రో ఇంజెక్షనో ఒకటి ఉంటుంది. దాని చుట్టూ చేతులతో చేసే పనులు చాలా ఉంటాయి. క్లోర్‌హెక్సిడిన్ లాంటి మందు షాంపూ ఒంటికి పట్టించి వెంటనే కడిగేస్తే ప్రయోజనం తక్కువ. నురగ పది నిమిషాలు చర్మం మీద ఉండాలి. తడిసి, జారే గచ్చు మీద, ఒళ్లు విదిలించకుండా ముప్పై కిలోల లాబ్రడార్ పది నిమిషాలు నిలబడటం చిన్న సంగతి కాదు. బయటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నాలుగు పాదాలనూ వేళ్ల సందులతో సహా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. చెవిలో మందు నిండుగా పోసి, చెవి మొదలును బయటి నుంచి మెల్లగా నలిపి, కుక్క తల విదిలించాక బయటికొచ్చిన గుబిలిని దూదితో తీయాలి. పుండు పడితే మెడకు శంకువులాంటి ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని దాంతోనే తినాలి, పడుకోవాలి. జబ్బు మూలానికి దగ్గరగా వెళ్లే ఇమ్యునోథెరపీ అయితే నెలల తరబడి ఇంజెక్షన్లు వేయించాలి, లేదా రోజూ నాలుక కింద చుక్కలు వేయాలి. ఫలితం తేలడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఇన్ని పనులకూ కుక్క ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే చీటీలో రాసిన వైద్యం చీటీలోనే ఉంటుంది.

కుక్కలు ఎంతగా భయపడతాయో జర్మనీలో ఒక క్లినిక్‌లో 135 కుక్కలను గమనించి 2009లో ప్రచురించారు. పరీక్ష బల్ల మీద వాటిలో 106 భయాన్ని కనబరిచాయి, అంటే 78.5 శాతం. పద్దెనిమిదింటిని లోపలికి లాక్కెళ్లాల్సో, ఎత్తుకెళ్లాల్సో వచ్చింది. ఇవేవీ పొగరుబోతు కుక్కలు కావు, మామూలు పెంపుడు కుక్కలే. అక్కడ జరిగినదాన్ని పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త వందేళ్ల కిందటే వివరించాడు. గంట మోగాక తిండి వస్తే గంటకే నోరూరుతుంది. సీసా మూత చప్పుడయ్యాక చెవిలో మంట పుడితే మూత చప్పుడుకే ఒళ్లు వణుకుతుంది. వాపెక్కిన చెవిలో చల్లని మందు పడటం కుక్కకు నిజంగానే బాధ. ఆ బాధకు ముందు కనిపించినవన్నీ, అంటే సీసా, దూది, బాత్‌రూమ్ తలుపు, పట్టుకునే మనిషి చేయి, ఒక్కొక్కటిగా ఆ బాధకు గుర్తులవుతాయి. మూడో రోజుకు కుక్క మంచం కిందికి దూరుతుంది. వారానికి గుర్రుమంటుంది. నెలకు పళ్లు చూపిస్తుంది.

పది సెకన్ల పనికి ఇంత ఆలోచన ఎందుకు, ఇద్దరు గట్టిగా పట్టుకుంటే అయిపోదా అని చాలామంది అడుగుతారు. ఒక్కసారి చేసే పనికైతే ఆ మాట న్యాయమే. పాము కరిచిన కుక్కనో, కారు గుద్దిన కుక్కనో పట్టుకుని తీరాలి, మత్తిచ్చి అయినా చికిత్స చేయాలి. అక్కడ శిక్షణకు తావులేదు. కానీ అలర్జీ ఒక్కసారితో పోయే జబ్బు కాదు. ఈ పది సెకన్లు రోజుకు రెండుసార్లు, ఏడాదికి కొన్ని నెలలు, పదేళ్లపాటు వస్తూనే ఉంటాయి. బలవంతం గెలిచిన ప్రతిసారీ మరుసటిసారికి మరింత బలవంతం కావాలి. కుక్క వైపు నుంచి చూస్తే అది నేర్చుకునే పాఠం ఇంకోటి ఉంది. మెల్లగా తల తిప్పుకుంటే ఎవరూ పట్టించుకోలేదు, మూతి నాక్కుంటే పట్టించుకోలేదు, గుర్రుమంటే మాత్రం చేయి వెనక్కి పోయింది. అలా మనమే దానికి కరవడం నేర్పుతాం. మన ఇళ్లలో ఇలాంటి కుక్కను పరాయి వాళ్లు ముట్టుకోరు. చివరికి ఇంటివాళ్లూ ముట్టుకోవడం మానేస్తారు. చాలా చోట్ల దాన్ని మిద్దె మీద కట్టేస్తారు. దురద మొదలైనప్పుడు ఇంట్లో మనిషిలా తిరిగిన కుక్క రెండు వానాకాలాలకు గొలుసు పాలవుతుంది. ఈ అధ్యాయం రాయడానికి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పురికొల్పింది ఆ కుక్కే.

దీనికి మారుగా ఏం చేయాలో జంతుశాలలు, సముద్రజీవుల ఉద్యానాలు మనకంటే ముందే కనుక్కున్నాయి. డాల్ఫిన్‌ను ప్రతిసారీ పది మంది పట్టుకోవడం కుదిరే పని కాదు. అందుకే రక్తపరీక్షకు తోకను తానే ఒడ్డు మీద పెట్టడం దానికి నేర్పారు. ఏనుగుకు చెవి ఇవ్వడం, పాదం ఎత్తి పెట్టడం నేర్పారు. హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతులు మామూలు కుక్కల యజమానుల దాకా వచ్చాయి. బ్రిటన్ శిక్షకుడు చిరాగ్ పటేల్ దీన్ని బకెట్ ఆట పేరుతో ఇంకా సులువు చేశాడు. తాయిలాలున్న చిన్న బకెట్‌ను కుక్క చూస్తున్నంతసేపూ మనం పని సాగిస్తాం. అది చూపు తిప్పుకున్న క్షణం ఆపేస్తాం. ఆపే అధికారం దాని చేతిలో ఉంటుంది. మొదట వినేవారికి ఇది గారాబం లాగా తోస్తుంది. నిజానికి తప్పించుకునే దారి ఉందని తెలిసిన జంతువు తప్పించుకోవాలని తొందరపడదు.

ఇంట్లో చేయగలిగిన రూపం గడ్డం ఆనించడం. తువ్వాలును చుట్టి తక్కువ ఎత్తు స్టూలు మీద పెట్టండి. కుక్క దాని మీద గడ్డం ఆనించగానే తాయిలం ఇవ్వండి. మొదట ఒక సెకను, తర్వాత మూడు, తర్వాత పది. ఇది కుదిరాక మరో చేత్తో చెవి డొప్పను తాకి తాయిలం, ఎత్తి తాయిలం, లోపలికి చూసి తాయిలం. గడ్డం లేస్తే చేయి వెంటనే వెనక్కి రావాలి, కోపం లేకుండా, బుజ్జగింపులు లేకుండా. మళ్లీ గడ్డం ఆనితే మళ్లీ మొదలు. ఇక సీసా వంతు. ఖాళీ సీసా కనిపించడమే ఒక మెట్టు. దాన్ని తల దగ్గరికి తేవడం ఒకటి, మూత తీసే చప్పుడు ఒకటి, సీసా మూతిని చెవికి ఆనించడం ఒకటి. మందు సీసాను కాసేపు అరచేతుల మధ్య ఉంచి వెచ్చబరిస్తే చల్లదనపు ఉలికిపాటు ఉండదు. చివరి మెట్టులో గాని మందు పడకూడదు. ఒక్క దఫా రెండు నిమిషాలు మించకూడదు, కుక్క ఇంకా కావాలంటున్నప్పుడే ఆపాలి. ఏ మెట్టులో అయినా ఒళ్లు బిగుసుకున్నా, మూతి నాక్కున్నా, కళ్లలో తెల్లగుడ్డు కనిపించినా ముందు మెట్టుకు దిగాలి. పాదాలకూ ఇదే వరస. పొడిగుడ్డతో ఒక్క తాకుడుతో మొదలై నాలుగు పాదాల వేళ్ల సందులను తడిగుడ్డతో తుడవడం దాకా. స్నానానికి ముందు బాత్‌రూమ్‌లో నీళ్లు పోయకుండానే, జారని చాప మీద నిలబడి తాయిలం తిని వచ్చేసే రోజులు కొన్ని ఉండాలి.

తాయిలం గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. దురదపడే కుక్కల్లో కొన్నిటికి కారణం గాలిలోది కాదు, గిన్నెలోది. కొన్నిటికి రెండూ. కుక్కల ఆహార అలర్జీల్లో గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ ముందు వరుసలో ఉంటాయి. మన ఇళ్లలో కుక్కకు పెట్టే పెరుగన్నం, చికెన్ ముక్క, చపాతీ, బిస్కెట్టు అన్నీ ఆ జాబితాలోకే వస్తాయి. ఆహార అలర్జీని తేల్చే నమ్మకమైన పరీక్ష ఒక్కటే. డాక్టరు చెప్పిన తిండి తప్ప మరేదీ పెట్టకుండా కనీసం ఎనిమిది వారాలు చూడాలి. ఆ వారాల్లో శిక్షణ పేరుతో ఇచ్చిన ఒక్క చీజ్ ముక్క మొత్తం పరీక్షను పాడుచేస్తుంది. కాబట్టి అలాంటప్పుడు తాయిలం ఆ అనుమతించిన తిండిలోంచే తీయాలి. రోజువారీ వాటాలోంచి కొంత పక్కన పెట్టి చిన్న ముక్కలుగా ఇస్తే సరిపోతుంది. శిక్షణ వైద్యానికి అడ్డుపడే సందర్భం ఇదొక్కటే. ముందే తెలిస్తే అదీ ఉండదు.

సూటిగా గోక్కోవద్దనే నేర్పితే పోలేదా అనే ప్రశ్న తరచూ వస్తుంది. దీనికి కొంత ఆధారం మనుషుల వైద్యంలో ఉంది. 1986లో స్వీడన్ పరిశోధకులు అటోపిక్ చర్మవ్యాధి ఉన్నవారికి స్టెరాయిడ్ పూతతోపాటు గోకే అలవాటును మార్చుకునే శిక్షణ ఇచ్చారు. పూత ఒక్కటే వాడినవారికన్నా వారి చర్మం బాగా మెరుగైంది. దురద తగ్గాక కూడా చేయి అలవాటుగా గోకుతూనే ఉంటుందని, ఆ గోకుడు చర్మాన్ని మళ్లీ రేపుతుందని అది తెలియజేసింది. కానీ ఆ మనుషులకు సంగతి వివరించి చెప్పారు, వాళ్లు ఒప్పుకుని చేశారు, మందు కూడా వాడారు. కుక్కకు మందు ఇవ్వకుండా గోక్కోవద్దంటే దురద అలాగే ఉంటుంది, దాన్ని తెలియజేసే దారి మాత్రం మూసుకుపోతుంది. గోకుడు మనకు అందే సమాచారం. డాక్టరు సున్నా నుంచి పది దాకా గీత గీసి ఈ వారం దురద ఎక్కడుందో గుర్తు పెట్టమంటాడు, మోతాదు దాన్నిబట్టే మారుస్తాడు. తిట్టి, కొట్టి గోకుడు మాన్పించిన ఇంట్లో ఆ గీత అబద్ధం చెబుతుంది. పైగా దండన దానంతట అదే హాని. పోర్చుగల్‌లో 92 కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, గద్దించి గొలుసు గుంజే బడుల్లో నేర్చుకున్న కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు, కార్టిసాల్ పెరుగుదల ఎక్కువగా కనిపించాయి.

అయితే గోకుడులో నేర్చుకున్న భాగం ఒకటి ఉండవచ్చు. కుక్క గోక్కోగానే ఇంట్లో ఎవరో ఒకరు పేరుపెట్టి అరుస్తారు, లేచి వస్తారు, ఒళ్లు నిమురుతారు. రోజంతా ఒంటరిగా ఉండే కుక్కకు అరుపు కూడా పలకరింపే. దీనికి మందు గోకుడుకు కాక మరోదానికి బహుమతి ఇవ్వడం. దురద అదుపులోకి వచ్చాక, తన చాప మీద నిశ్చింతగా పడుకున్న క్షణాల్లో పలకరించాలి, నమలడానికి ఏదైనా ఇవ్వాలి, వాసన చూసి వెతికే ఆటలు ఆడించాలి. గోకుడు మొదలైతే మాట్లాడకుండా వేరే పనిలోకి మళ్లించాలి. ఇది మందుకు తోడుగా మాత్రమే. మందు లేకుండా ఇది చేస్తే కుక్కకు అన్యాయం చేసినట్టే.

శిక్షణకూ దురదకూ ఉన్న సంబంధాన్ని నాకు బాగా స్పష్టం చేసిన ఆధారం బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. 2019లో ప్రచురించిన ఆ పరిశోధనలో అటోపిక్ జబ్బున్న 343 కుక్కలనూ ఆరోగ్యంగా ఉన్న 552 కుక్కలనూ యజమానుల జవాబుల ద్వారా పోల్చారు. దురద తీవ్రత పెరిగేకొద్దీ వస్తువులు నమలడం, తిండి దొంగిలించడం, అతిగా ఉద్రేకపడటం, మన దృష్టి కోసం వెంటపడటం పెరిగాయి. నేర్పినది నేర్చుకునే గుణం తగ్గింది. యజమానులు చెప్పినదాని మీదే ఆధారపడిన పరిశోధన కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అని ఖాయంగా తేల్చదు. అయినా రాత్రి నిద్రలేని, ఒళ్లంతా మండుతున్న ప్రాణి పాఠం మీద మనసు పెట్టలేదని ఒప్పుకోవడానికి పెద్ద సాహసం అక్కర్లేదు. దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. మొండికేస్తోంది, చెడిపోయింది అని శిక్షకుడి దగ్గరికి పంపే కుక్కను ముందు చర్మం చూపించడానికి తీసుకెళ్లాలి. చెవి ఇవ్వడం, పాదం ఇవ్వడం లాంటివి దురద ఉధృతంగా ఉన్న ఆగస్టులో కాక, ఒళ్లు నెమ్మదిగా ఉన్న ఏప్రిల్‌లో నేర్పాలి. మంట లేని చెవికి మందు సీసా ఒక ఆటవస్తువు. అదే సీసాను మంట రోజున మొదటిసారి చూపిస్తే శత్రువు.

మంచి మందులు వచ్చాయి కదా, ఇదంతా పాతకాలపు శ్రమ అనేవాళ్లూ ఉన్నారు. దురద దారిని అడ్డుకునే ఓక్లాసిటినిబ్ మాత్రకు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-31ను పట్టేసే లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ తర్వాత కొన్నేళ్లకు వచ్చింది. ఇవి లక్షల కుక్కలకు నిద్ర తిరిగి ఇచ్చాయి. వాడగలిగినవారు వాడాలి. కానీ ఇవి చెవిలో పేరుకున్న ఈస్ట్‌నూ, చర్మం మీద స్థిరపడ్డ బాక్టీరియానూ కడిగేయవు. ఆ పని ఇంకా షాంపూ, చెవి మందు చేతుల్లోనే ఉంది. మందులకు లొంగని స్టెఫైలోకాకస్ బాక్టీరియా కుక్కల్లోనూ పెరుగుతున్నందువల్ల, పైపైన ఉన్న చర్మ ఇన్ఫెక్షన్లకు యాంటీబయాటిక్ మాత్రలకన్నా ముందు షాంపూలు, పూతలు వాడమని నిపుణుల సిఫారసులు చెబుతున్నాయి. అంటే శాస్త్రం ముందుకు వెళ్లేకొద్దీ కుక్క ఒంటి మీద మన చేతి పని తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఖర్చు సంగతీ ఉంది. నెలనెలా కొత్త ఇంజెక్షన్ కొనగలిగిన ఇళ్లు మన దగ్గర ఎన్నో కావు. గడ్డం ఆనించే తువ్వాలు ప్రతి ఇంట్లోనూ ఉంది.

వీటన్నిటికన్నా బరువైన అభ్యంతరం తీరిక. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు క్లినిక్ అంటే భయపడే కుక్కలకు ఇంట్లో చేసే నాలుగు వారాల సాధన ఇచ్చి చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో మేలు కనిపించింది గాని పెద్దది కాదు, చాలామంది యజమానులు చెప్పినంత తరచుగా సాధన చేయనూ లేదు. ఇది శిక్షణ పనికిరాదనడానికి నిదర్శనం కాదని నేననుకుంటాను. అప్పటికే భయం ముదిరిన కుక్కకు నాలుగు వారాలు చాలవనీ, మనుషులకు సాగే పద్ధతి చిన్నదై ఉండాలనీ అది చెబుతోంది. సాధనకు వేరే గంట కేటాయించేవారు రెండు వారాల్లో మానేస్తారు. రోజూ రెండుపూటలా కుక్కకు గిన్నె పెడతాం. ఆ గిన్నెకు ముందు రెండు నిమిషాలు గడ్డం ఆనించడం, ఒక పాదం, ఒక చెవి. అంతకుమించి అవసరం లేదు. ఇంట్లో అందరూ ఒకే తీరుగా చేయడం మాత్రం అవసరం. అమ్మ గడ్డం లేవగానే ఆపి, అబ్బాయి మెడ పట్టుకుని పోస్తే కుక్క ఎవరినీ నమ్మదు.

ఈ పద్ధతిలో మొదట ఎవరూ ఊహించని లాభం ఒకటుంది. రోజూ ఇష్టంగా చెవి ఇచ్చే కుక్క ఒకనాడు గడ్డం ఆనించి, చేయి దగ్గరికి రాగానే తీసేస్తే అది మొండితనం కాదు. లోపల నొప్పి మొదలైంది. చెవి బయటికి ఎర్రబడకముందే, వాసన రాకముందే మనకు ఆ కబురు అందుతుంది. బలవంతంగా పట్టుకునే ఇంట్లో కుక్క రోజూ పెనుగులాడుతుంది కాబట్టి నొప్పి రోజుకూ మామూలు రోజుకూ తేడా తెలియదు. అలాంటి రోజున సాధన ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెవి వాచి వేడిగా ఉన్నా, తల ఒకవైపు వంచినా, చర్మం మీద రసి కారే పుండు పడినా ఇంట్లో మెట్లు లెక్కపెడుతూ కూర్చోకూడదు. అలాగే పిడుదులు, గోమార్లు, గజ్జి పురుగులు ఉన్నాయేమో చూడకుండా అలర్జీ అని పేరు పెట్టకూడదు. మన ఊళ్లలో వాటి దురదే ఎక్కువ, దానికి మందు తేలిక.

కుక్కపిల్లను తెచ్చుకున్నవారు మొదటి వారం నుంచే చెవి, పాదం, నోరు తాకనివ్వడం అలవాటు చేయండి. జబ్బు సాధారణంగా వచ్చేది ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య కాబట్టి అప్పటికి పాఠం పూర్తయి ఉంటుంది. నిరుడు వానలకు గోక్కున్న కుక్క ఉన్నవారు ఈ మార్చిలో తువ్వాలు చుట్టి మొదలుపెట్టండి. పోయినేడాది వాడిన చెవి మందు సీసా ఖాళీదైతే పారేయకండి, కడిగి దగ్గర పెట్టుకోండి. జూన్ లోపు కుక్కకు దానితో స్నేహం కుదరాలి.